ఆరు వారాల మంచం

“సంగటిలో ఉండలు ఉండాయి, సరిగ్గా పిసుకు” అని ఆయన నోరు తెరిచాడు. పిసికి పెట్టాను. మా ఆయన చెయ్యి లేపకూడదు. గుండెకు నెత్తురు తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడిందని, ఆరు వారాలు మంచం దిగకూడదని, తిండి కూడా ఇంకొకరే పెట్టాలని కర్నూలు డాక్టరు చెప్పి పంపాడు. ఆ ఇంకొకరు ఎవరో డాక్టరూ చెప్పలేదు, మావాళ్లూ అడగలేదు. ఆత్మకూరులో మా ఇంట్లో ఇంకొకరంటే నేనే గదా.

ఒళ్లు తుడవడం, గడ్డం గీయడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, మలమూత్రాలు ఎత్తిపోయడం, వేళకు మాత్ర. అవి ముగిశాక పొయ్యి, బావి, ఎనుముల పాలు, పేడ. పుణ్యం వస్తుందని ఊరంతా వచ్చి చెప్పిపోయింది. ఒక్క చేద నీళ్లు తోడిపెట్టినవాళ్లు లేరు. నాకు ఒళ్లు మండేది.

నాలుగో వారంలో చేద లాగుతుంటే రొమ్ము మీద రోకలి పెట్టి నొక్కినట్టయింది. నొప్పి ఎడమ చేతిలోకి, దవడలోకి పాకింది. చెమటలు కారాయి. బావిగట్టు మీదే కూలబడ్డాను. ఈ గుర్తులు నాకు కొత్త కాదు. డాక్టరు ఆయన్ను ఒక్కొక్కటే అడుగుతుంటే పక్కన నిలబడి విన్నదాన్ని.

“వాయువు లేమ్మే. వాము నమిలి నీళ్లు తాగు” అంది మా అత్త సిద్దమ్మ. “ఆడోల్లకు గుండెనొప్పి యాడొస్తాది?”

మళ్లీ రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ వామే. ఆయనతో చెబితే “నన్ను జూసి నీకూ పుట్టిందా?” అని పగలబడి నవ్వాడు. అంతగా నవ్వితే ఆయన గుండెకు మంచిది కాదని నేనే ఆపాను. చూడండి నా బతుకు!

ఆరు వారాలు గడిచాక నేనూ అత్తా ఆయన్ను కారులో కర్నూలు తీసుకుపోయాం. అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలే రాజధాని. గుండె కొట్టుకోవడాన్ని కాగితం మీద గీసే యంత్రం డాక్టరు దగ్గర ఉంది. చేతులకూ కాళ్లకూ పట్టీలు కట్టి గీత తీశారు. తర్వాత ఆయనకు చొక్కా తొడగడానికి నన్ను లోపలికి పిలిచారు.

“బాగా మానిందండీ. అంతా మీ ఆవిడ చలవ” అన్నాడు డాక్టరు.

ఆ మాటతో నాకు నోరు పెగిలింది. చొక్కా తొడుగుతూనే నా నొప్పి సంగతి చెప్పేశాను. ఎక్కడెక్కడ, ఎన్నిసార్లు, అంతా. డాక్టరు ముఖంలో నవ్వు పోయింది.

“పడుకోండమ్మా, ఇప్పుడే చూద్దాం. మణికట్టుకు పట్టీ కట్టాలి, ఆ గాజులు తియ్యాలి.”

గుమ్మంలో ఉన్న అత్త గుండెలు బాదుకుంది. “మొగుడు చావు తప్పి లేచిన పూట గాజులు తీస్తావా? ఇంటికి పోదాం పా!”

నా చేతులకు పన్నెండేసి మట్టిగాజులు. పెళ్లయినప్పటి నుంచి పాతవి ఉండగానే కొత్తవి ఎక్కించుకున్నాను గానీ, ఒక్క పూటైనా బోసిచేతులతో లేను. పట్టీ కట్టకుంటే గీత రాదు. గీత లేకుంటే నాది వాయువే. నన్ను పడుకోమనేవాళ్లు ఉండరు, రేపు మళ్లీ చేద పట్టాల్సిందే. భయం వేసింది, అబద్ధమెందుకు? రేపు ఆయనకు ఏమన్నా అయితే తప్పంతా నా గాజుల మీదే పెడతారు.

“నేను బతికే ఉండాను గదే, ఏందిది?” అన్నాడాయన.

“ఉండారు. నేనూ బతికి ఉండల్ల” అన్నాను.

మంచమెక్కి కూర్చున్నాను. ఒక గాజు పట్టి లాగాను. బిగుతుగా ఉంది, రాలేదు.

“డాక్టరుగారూ, కొంచెం సబ్బు ఇప్పించండి.”