పొయ్యి నుదుటి బొట్టు

నేను ఒక గ్యాస్ పొయ్యిని. చేత్తో పట్టుకుని ఎక్కడికైనా తీసుకుపోయే రకం. పక్క గూట్లో చిన్న గ్యాస్ డబ్బా దూర్చి మర తిప్పితే వెలుగుతాను. పుట్టుకలోనే నాకొక లోపం. డబ్బా మూతికీ నాకూ నడుమ ఉండే రబ్బరు వాషరు నాసిరకంది. మా కంపెనీకి ఆ రబ్బరు ఏరికోరి కొన్న పెద్దమనిషి ఇంట్లో మాత్రం కరెంటు పొయ్యి మీదే వంటట.

గోదావరి రేవులో బజ్జీలు వేసే వీరవేణి నన్ను కొనుక్కుంది. ఆమె భర్త నూకరాజు, జనాన్నీ మోటారుసైకిళ్ళనూ అవతలి ఒడ్డుకు చేర్చే పంటు నడుపుతాడు. వీరవేణి ప్రతి శుక్రవారం నన్ను తోమి, పసుపు రాసి, బొట్టు పెట్టేది. బొట్టుకు నుదురు కావాలి కదా! నా ముందువైపున్న చిన్న వెండిరంగు రేకే నా నుదురని తేల్చింది. కంపెనీవాళ్ళు నా నంబరు కొట్టింది ఆ రేకు మీదే. వారం వారం బొట్టు మీద బొట్టు పడి నంబరు కాస్తా అడుగున పడిపోయింది.

ఒకరోజు నా పక్కనుంచి మంట భగ్గున లేచి ఆమె మోచేతిని చురుక్కుమనిపించింది. "దిష్టే ఇది! ఆ ఎదురు కొట్టోడి కళ్ళు పేలిపోనూ!" అని ఉప్పు దిగదుడిచి, నాకు ఇంకా పెద్ద బొట్టు పెట్టింది. తప్పు నాదని చెప్పడానికి నాకు నోరేదీ? బుస్సుమనడం ఒక్కటే వచ్చు. బుస్సుమంటే కొత్త డబ్బా కదా అనుకునేది. ఏ రోజు ఈ పిచ్చితల్లిని పొట్టన పెట్టుకుంటానో అని భయపడుతూనే వెలిగేదాన్ని.

చివరికి కంపెనీవారికి బుద్ధొచ్చింది. ఫలానా నంబర్ల పొయ్యిలు ప్రమాదం, తెచ్చిస్తే కొత్తవి ఇస్తామన్నారు. నన్ను అమ్మిన కొట్టు యజమాని బుల్లెబ్బాయిగారు స్వయంగా రేవుకొచ్చారు.

"ఆ బొట్టు కాస్త తుడువమ్మా, నంబరు చూడాలి."

"అయ్ బాబోయ్! శుక్రవారం పూట, ఆయన నీళ్ళ మీదుండగా నన్ను బొట్టు చెరపమంటారేంటండీ?"

"అది పొయ్యి బొట్టే కదమ్మా."

"బొట్టు బొట్టేనండి."

తానే తుడిచే ధైర్యం ఆయనకూ లేదు. పరాయి ఇంటి బొట్టు చెరిపిన పాపం ఎవరికి కావాలి? వీరవేణి మూకుడు పెట్టి మర తిప్పింది. గాలికి నేను అంటుకోలేదు. గ్యాసు వాసన గుప్పుమంది. బుల్లెబ్బాయిగారు పది అడుగులు వెనక్కి వేసి, అక్కణ్ణుంచి "వద్దమ్మా, వద్దు" అన్నారు.

ఆమె మళ్ళీ తిప్పబోతుండగా పంటు ఒడ్డుకు తగిలింది. కేకలు విని నూకరాజు పరుగున వచ్చాడు. సంగతి తెలిసి నా మర కట్టేశాడు.

"గుండ్రాయిలా నీ ఎదురుగానే ఉన్నాను కదే! నా బొట్టు నేను చెరుపుకుంటే నాకేం కాదులే," అంటూ బొటనవేలితో పెచ్చంతా గీకేశాడు.

నంబరు బయటపడింది. బుల్లెబ్బాయిగారు ఫోనులో సరిచూసి, "ఇదేనయ్యా," అన్నారు.

వీరవేణి మోచెయ్యి తడుముకుంది. "ఎంత పని చేద్దువే, నిన్ను తల్లిలా చూసుకున్నాను కదే!" అని నన్నే తిట్టి, నా మీదే పడి ఏడ్చింది. అయినా పంపేముందు మళ్ళీ బొట్టు పెట్టింది. ఉత్త నుదుటితో గడప దాటించకూడదట.

ఇప్పుడు కంపెనీ గోడౌనులో, నాలాంటి పొయ్యిల గుట్టలో ఉన్నాను. అన్నీ బోడి ముఖాలే. మమ్మల్ని విరగ్గొట్టే మనిషి నా మీదికి సుత్తి ఎత్తి, బొట్టు చూసి, "ఇవాళ శుక్రవారం కదా," అని పక్కన పెట్టి వెళ్ళాడు.

రేపటికి నేనుండను. దానికి బాధ లేదు. నా బదులు వెళ్ళిన కొత్త పొయ్యికి వీరవేణి ఈపాటికి బొట్టు పెట్టే ఉంటుంది. ఎక్కడ పెట్టిందో, అదే నా దిగులు.