మూడు కూతల పాట

కూతల విషయంలో మా చోడవరం చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడు. ముప్పై ఏళ్ళు బంగార్రాజుగారి పంచదార మిల్లులో సైరన్ మోగించినవాణ్ణి. నా చెవిని మోసం చేసే కూత ఇంకా పుట్టలేదు.

మా మిల్లులో ఒక్క కూతంటే షిఫ్టు మారింది. మూడు కూతలంటే లోపల ప్రమాదం. అది వినపడితే ఆడవాళ్ళు పొయ్యిమీద అన్నం వదిలేసి గేటుకు పరుగెడతారు. లోపలికెళ్ళేవాడు తన ఇత్తడి బిళ్ళను గేటు పక్క బోర్డుకు తగిలిస్తాడు, బయటికొస్తూ తీసుకుంటాడు. అందుకే వచ్చినవాళ్ళు ముందు వెతికేది మనిషిని కాదు, బిళ్ళని.

నా మనవరాలు ప్రవల్లిక విశాఖలో చదువుతూ, ఇద్దరు స్నేహితులతో బ్యాండు పెట్టింది. పేరు ‘పిప్పి’. మిల్లులో రోలర్ల గరగర, గొలుసుల చప్పుడు, షిఫ్టు కూత ఫోన్లో పట్టుకెళ్ళి, కంప్యూటర్లో ముక్కలు కోసి, గిటారుతో కలిపి కుడతారు. ఓరోజు నా చెవులకు పాటలు వినే డిప్పలు తగిలించి అడిగింది.

“తాతా, కూత ఒక్కసారి సాలా, మూడుసార్లు ఎట్టమంటావా?”

“మూడెట్టే గుంటా! ఇన్నోడి గుండె జారాల.”

“జారిపోతే?”

“ఏరుకుంటాడు. నీకేటి!”

మూడు కూతలు మోగి ఇరవై రెండేళ్ళయింది. అప్పటికి ప్రవల్లిక పుట్టలేదు. మూడు కూస్తే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

ఆ పాట ఎఫ్ఎం రేడియోలో శనివారం నాలుగింటికి వేస్తామన్నారు. ఊరంతా వినాలని మైకుసెట్టు తెప్పించి, మేడమీద రెండు బాకాలు కట్టించి, రేడియోకి తగిలించాను. ఒక బాకా మిల్లువైపు తిప్పాను. బాయిలర్ దగ్గర డ్యూటీలో ఉన్న నా కొడుకు పరదేశి కూడా కూతురి పాట వినాలి కదా!

మూడున్నరకు ఇంకా ప్రకటనలే వస్తున్నాయి. టైముంది కదా అని చెరకు గట్టుకు వెళ్ళాను. అప్పుడు కూసింది. షిఫ్టు వేళ కాదే అనుకున్నాను. మళ్ళీ కూసింది. మూడోసారి కూసింది. ఆ వెనకే ఇనుము విరుగుతున్న చప్పుడు.

నా గొప్ప చెవి ఒక్కమాటే చెప్పింది: పరదేశి.

ఎలా పరుగెత్తానో తెలియదు. గేటు దగ్గర అప్పటికే జనం. నా కోడలు పైడితల్లి పిండి చేతులతోనే వచ్చేసి నా చొక్కా పట్టుకుంది.

“మావా, ఆయన బిళ్ళ ఉందేటి? సూడు మావా, నాకేటీ అగపడ్డంలేదు!”

చూశాను. వాడి నలభై ఏడో నంబరు బిళ్ళ గాలికి ఊగుతోంది.

అంతలో బాయిలర్ మీంచి తెల్లటి ఆవిరి బుస్సుమని ఆకాశానికి లేచింది. “పేలిపోనాది!” అని ఎవరో అరిచారు. లోపలివాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ బయటికొచ్చి బిళ్ళలు లాక్కుంటున్నారు. నా కొడుకు లేడు. పైడితల్లి ఏడుపు ఆపేసింది.

అందరికన్నా చివర, మసి మొహంతో పరదేశి వచ్చాడు. బయట కూత విని, బాయిలర్ పేలకుండా ఆవిరి వదిలేసి వచ్చాడట.

“అయ్యా, ఎవులు పోయేరు?”

“నువ్వే అనుకున్నాం రా.”

అప్పుడు మా మేడమీంచి రేడియో అమ్మాయి గొంతు హుషారుగా వినిపించింది: “నాలుగింటికి అన్నాం కానీ ముందే వేసేశాం! ఇందాక మీరు విన్నది, చోడవరం బ్యాండు ‘పిప్పి’ తొలి పాట!”

జనం తలలన్నీ మా మేడవైపు తిరిగాయి. తర్వాత నావైపు.

“మూడుసార్లు ఎట్టమన్నోడెవుడు?” అన్నాడు పరదేశి.

“ముప్పై ఏళ్ళు కూతేసినోడే,” అన్నాను.

కాబట్టి నా చెవి గురించి మొదట రాసిందంతా కొట్టేయండి. రేడియోకి, సైరన్‌కి తేడా తెలియని చెవి అది. ప్రవల్లిక రెండు కూతలు తీసేసి పాట మళ్ళీ పంపింది. ఇప్పుడు రేడియోలో ఒక్కటే కూస్తుంది. ఆ ఒక్కదానికీ పైడితల్లి లేచి నిలబడుతుంది.

ఇందులో ఒక్క అబద్ధం ఉంది. బిళ్ళ ఊగడం చూశానన్నాను కదా, అది నేను కల్పించింది. కోడలు అడుగుతూనే ఉంది. నేను బోర్డుకు వీపు ఆనించి నిలబడ్డాను, తల తిప్పలేదు.