సంతకం కోసం ఒక ముక్క

మధ్యాహ్నం రెండూ నలభైకి రత్నాకర్ ఫోన్ మోగింది.

పొద్దున పదింటి నుంచి అతను డిపార్ట్‌మెంట్ వరండాలో, తన పీహెచ్‌డీ గైడు ప్రొఫెసర్ వెంకటసుబ్బారావు గదికి వేసిన తాళం వైపు చూస్తూ కూర్చున్నాడు. ఒళ్లో నాలుగు కాపీల థీసిస్. నల్ల అట్ట, బంగారు రంగు అక్షరాలు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో మూడు తరాలుగా పనిచేసిన కుటుంబాల గురించి ఆరేళ్లు తిరిగి తిరిగి రాసింది.

"ఎక్కడున్నావప్పా?" గైడు గొంతు గుసగుసగా ఉంది.

"మీ రూమ్ ముందే ఉన్న సర్."

"ఆడ వద్దు. తార్నాక రా. మెట్రో స్టేషన్ దాటినాక ఎర్ర బోర్డు చికెన్ షాపు ఉంటుంది చూడు, అద్దాలది. లోపలికి రా. ఒక్కడివే రా. ఎవరికీ చెప్పొద్దు."

"సర్, సంతకం..."

"కాయితాలు పట్టుకొని రాప్పా. ఈడే పెడతా."

రత్నాకర్ ఆశ్చర్యపోలేదు. గైడు ఎక్కడికి రమ్మంటే స్కాలర్ అక్కడికి పోవాలి, అంతే. వెంకటసుబ్బారావు కోసం అతను గ్యాస్ బండలు మోశాడు. కర్నూలు నుంచి దిగిన చుట్టాలను కాచిగూడ స్టేషన్ నుంచి ఇంటికి చేర్చాడు. ఇదివరకటి సంతకాల్లో ఒకటి కారు బానెట్ మీద పడింది, ఒకటి పెళ్లి పందిట్లో, ఒకటి పళ్ల డాక్టరు దగ్గర వంతు కోసం కూర్చున్నప్పుడు. ఇవాళ చికెన్ షాపు. ఎక్కడైతేనేం, పడితే చాలు.

ఇవాళ పడి తీరాలి. మూడోసారి ఇచ్చిన పొడిగింపు సాయంత్రం ఐదింటితో ముగుస్తుంది. సర్టిఫికెట్ పేజీల మీద గైడు సంతకం లేకుండా ఆఫీసు థీసిస్ తీసుకోదు. తీసుకోకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్ల పని చిత్తుకాగితం.

ఆ సంతకం కోసమే అతని తల్లి శివమ్మ మొక్కుకుంది. క్యాంపస్ గోడను ఆనుకున్న మాణికేశ్వర్ నగర్‌లో వాళ్లది ఒకే గది ఇల్లు. ఆమె హాస్టల్ మెస్సులో వంట చేస్తుంది. వారానికి రెండు రోజులు నాలుగు వందల మందికి కోడి కూర వండే మనిషి. అలాంటిది, ఈస్టర్‌కు ముందు వచ్చే శ్రమల దినాలు మొదలైన భస్మ బుధవారం నాడు కొడుకుని కూర్చోబెట్టి ఒట్టు పెట్టించింది. ఈ నలభై దినాలు తల్లీకొడుకులిద్దరూ నీసు ముట్టకూడదు. శుక్రవారాలు సాయంత్రం దాకా ఉపవాసం. "సారు సంతకం పెట్టాలె, నువ్వు డాక్టరువు కావాలె. ప్రభువు చూస్తడు బిడ్డ," అంది.

రత్నాకర్‌కు అంత నమ్మకమేమీ లేదు. కానీ మాట ఇచ్చాడు. ముప్పై ఏడు రోజులు నిలబెట్టుకున్నాడు కూడా. ఇవాళ శుక్రవారం. పొద్దుటి నుంచి కడుపులో మంచినీళ్లు తప్ప ఏమీ లేవు.

షాపు తలుపు తోయగానే చల్లగాలి, దానితో పాటే వేడి నూనె, మిరియాల వాసన కొట్టాయి. రత్నాకర్ నోట్లో నీళ్లూరాయి. మింగేశాడు.

వెంకటసుబ్బారావు మూల బల్ల దగ్గర, రోడ్డుకు వీపు పెట్టి కూర్చున్నాడు. తలకు టోపీ, మూతికి మాస్కు. రిటైర్ కావడానికి మూడు నెలలున్న ప్రొఫెసర్‌లా లేడు, బ్యాంకు దోచుకోవడానికి వచ్చినవాడిలా ఉన్నాడు.

"సర్, ఇవి కాపీలు. నాలుగు సంతకాలే సర్."

"పెడతాలేప్పా, ఎక్కడికి పోతా? ముందు పోయి చికెన్ చెప్పు. ఈడ మనిషి అడగడంట. టీవీ మాదిరిది ఉంది, దానికే చెప్పాలంట. పది నిమిషాలు నిలబడినా. మాట్లాడదు, పలకదు."

"సర్, మీరు..."

"ఆ, నేనే. యాభై తొమ్మిదేళ్లు. గుడ్డు కూడా ఎరగను." మాస్కు కిందికి లాగాడు. "రెండేండ్లాయె, ఆ సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడల్లా ఈ వాసన. ఏముంది దీంట్లో అని ఒకటే ఆలోచన. శారదకు తెలిస్తే నన్ను వంటింటి గడప తొక్కనియ్యదు. నీకైతే ఇవన్నీ అలవాటు కదా. ఏది బాగుంటే అది చెప్పు."

రత్నాకర్ కూడా ఇలాంటి షాపులోకి రావడం ఇదే మొదలు. ఆ మాట చెప్పలేదు. నిలువెత్తు తెర ముందు నిలబడి బొమ్మలు చూసి వేలు పెట్టాడు. తెర మీద చికెన్ ముక్కలు నింపిన కాగితపు బకెట్ బొమ్మ వచ్చింది. కారం ఎంత? మధ్యస్థం. ఇక్కడే తింటారా? అవును. పేరు?

"సర్, పేరు అడుగుతుంది."

"నీదే కొట్టు! నాది కొట్టేవు!"

అతను తన పేరే కొట్టాడు. ప్రొఫెసర్ ఇచ్చిన నోట్లు కౌంటర్లో కట్టి, బిల్లు, బకెట్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. గోడ గడియారంలో మూడున్నర.

"సర్, ముందు సంతకం చేస్తే..."

"వేడి మీద తినాలంటప్పా," అంటూ వెంకటసుబ్బారావు అప్పటికే ఒక ముక్క పట్టుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడ కొరకాలో తెలియలేదు. చివరికి కళ్లు మూసుకుని కరిచాడు. పైపొర కరకరలాడింది. నమలడం ఆగింది. మళ్లీ మొదలైంది. కళ్లు తెరిచేసరికి వాటిలో నీళ్లున్నాయి. కారానికో, మరి దేనికో.

"అబ్బ," అన్నాడు చిన్నగా. "ఇన్నేండ్లు ఎంత పని చేసినారప్పా మావాళ్లు!"

రత్నాకర్‌కు నవ్వొచ్చింది. ఆ ఒక్క క్షణం ఆ మనిషి ముద్దొచ్చాడు కూడా.

"నువ్వూ తీసుకో."

"నేను తినను సర్. శ్రమల దినాలు. ఉపవాసమున్న."

"మీవాళ్లకు కూడా ఉంటాయా ఇవన్నీ?"

"ఉంటయి సర్. మా అమ్మ మొక్కుకున్నది."

"దేనికి?"

"మీ సంతకానికి సర్."

వెంకటసుబ్బారావు పొట్ట పట్టుకుని నవ్వాడు. "నా సంతకానికా? నన్నడిగితే సరిపోయేది కదప్పా, మధ్యలో దేవుడెందుకు!"

ఆరేళ్లుగా అడుగుతున్నాను అనలేదు రత్నాకర్. పెన్ను మూత తీసి బల్ల మీద పెట్టాడు. ప్రొఫెసర్ జిడ్డు వేళ్లు పైకెత్తి చూపించాడు. ఈ చేతులతో ఎట్లా పెట్టను, అయిపోనీ, అన్నట్టు. రెండో ముక్క, మూడో ముక్క. గడియారంలో నాలుగు దాటింది. ఎముకల కుప్ప పెరుగుతోంది. ఎట్టకేలకు వెంకటసుబ్బారావు కాగితంతో చేతులు, మూతి తుడుచుకుని పెన్ను అందుకున్నాడు. మొదటి కాపీ తెరిచాడు.

"ఏం బావా! మీరేనా?"

పెన్ను ఆగిపోయింది.

తలుపు దగ్గర భుజానికి బ్యాగుతో ఒక నడివయసు ఆవిడ. ప్రొఫెసర్ భార్య చెల్లెలు శైలజ. మెట్రో దిగి నడుస్తుంటే కిటికీ పక్కన పెట్టిన బావగారి కారు నంబరు కనబడింది. అద్దంలోంచి తొంగి చూస్తే టోపీ కనబడింది. ఆ టోపీ ఆవిడే తిరుపతి నుంచి తెచ్చిచ్చింది.

వెంకటసుబ్బారావు ముఖం పాలిపోయింది. కానీ చేతులు చురుగ్గానే ఉన్నాయి. ఆవిడ నాలుగడుగులు వేసేలోపల ఎముకల ప్లేటు, బకెట్ బల్ల మీద జారుకుంటూ రత్నాకర్ ముందుకు వచ్చేశాయి.

"రామ్మా శైలజా! వీడు మా స్కాలర్. థీసిస్ అయిపోయింది, పార్టీ చేసుకుంటున్నా సర్, రండి రండి అని ప్రాణం తీసినాడు. సంతకం పెట్టి పోదామని వచ్చినా. ఈ వాసనకే కడుపులో తిప్పుతా ఉంది నాకు."

"పార్టీ ఈ కొట్లోనా?" ఆవిడ చీర కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. "అక్కకు తెలుసా?"

"చెప్పేదేముంది దీంట్లో? చూడు, బిల్లు మీద పేరు కూడా వీడిదే." బిల్లు తీసి చూపించాడు.

శైలజ బిల్లు చదివింది. ఎముకలు చూసింది. బావగారి పెదవులు చూసింది. ఆ తర్వాత ఆవిడ చూపు రత్నాకర్ చేతుల మీద ఆగింది. మిగతా కాపీల మీద బోర్లించి పెట్టుకున్న చేతులు. పొడిగా, శుభ్రంగా ఉన్నాయి.

"ఇంత తిన్నాడు, బాబు చేతికి చుక్క నూనె లేదే?"

కౌంటర్ దగ్గర ఎవరి పేరో పిలుస్తున్నారు.

"నేనున్నానని మొహమాటం," అన్నాడు వెంకటసుబ్బారావు. "లేచి పోయి చేతులు కడుక్కొని వచ్చినాడు పాపం. తిను రత్నాకర్. మా మరదలేలే, పరాయిది కాదు. తిను."

రత్నాకర్ తలెత్తి గైడు ముఖం చూశాడు. ఆయన నవ్వుతున్నాడు. చెయ్యి మాత్రం తెరిచిన సర్టిఫికెట్ పేజీ మీద ఉంది. మెల్లగా, చాలా మెల్లగా, ఆ చెయ్యి థీసిస్ అట్టను మూసింది. పెన్నుకు మూత పెట్టింది.

గడియారంలో నాలుగూ పన్నెండు.

చెప్పొచ్చు. నాకు ఉపవాసం, ఆ ఎముకలు ఈయనవి, అని రెండు మాటల్లో చెప్పొచ్చు. ఆ తర్వాత ఐదవుతుంది.

రత్నాకర్ బకెట్లో చెయ్యి పెట్టాడు. చేతికి దొరికిన ముక్క తీసి కొరికాడు.

రుచిగా ఉంది. చప్పగా ఉన్నా, కంపు కొట్టినా బాగుండేది. పొద్దుటి నుంచి మాడిన కడుపు ఆ ముక్కను లాక్కుంది. ఇంకా కావాలంది. ముప్పై ఏడు రోజుల మాట నాలుగుసార్లు నమిలేలోపే గొంతు దిగిపోయింది. అతను ఎముక దాకా తిన్నాడు. శైలజ చూస్తూనే ఉంది కాబట్టి రెండోది కూడా తిన్నాడు.

"వాళ్లకి అలవాటేలే," అంది ఆవిడ, అనుమానం తీరి. "మీరు తొందరగా ఇంటికి పోండి బావా. పోగానే స్నానం చెయ్యండి."

ఆవిడ వెళ్లిపోయాక వెంకటసుబ్బారావు పెద్దగా ఊపిరి వదిలాడు. లేచి వెళ్లి సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని వచ్చాడు. వచ్చి, ఆ చేతులు రత్నాకర్ ముక్కు దగ్గర పెట్టాడు.

"వాసన పోయిందా చూడప్పా."

రత్నాకర్ వాసన చూశాడు. "పోయింది సర్."

అప్పుడు సంతకాలు పెట్టాడు. నాలుగూ, గొలుసుకట్టుగా, ఒక్క నిమిషంలో. "పెద్ద గండం తప్పించినావు. మనసులో ఏం పెట్టుకోవాకు. దేవుడేమన్నా లెక్కలు చూస్తా కూర్చుంటాడా? ఇంకో ఉపవాసం ఉంటే సరి. ఆ మిగిలిందంతా నువ్వే తీసుకపో, నేను ఇంటికి తీసుకపోలేను కదా."

ఆటో దొరికింది. నాలుగూ నలభై ఎనిమిదికి రత్నాకర్ ఆఫీసు మెట్లెక్కాడు. క్లర్కు నాలుగు సంతకాలూ వేలితో తాకి చూసి, ముద్ర కొట్టి రసీదు ఇచ్చాడు. పని అయిపోయింది.

గేటు దగ్గర అటెండర్ పోచయ్య బకెట్ వైపు చూశాడు. "ఏంది తమ్మీ, దావతా?"

"నువ్వు తీసుకో అన్న."

"మరి నీకు?"

"నేను తిన్న."

ఆ ఒక్కడికైనా నిజం చెప్పినట్టయింది.

శివమ్మ మెస్సులో పని ముగించుకుని నేరుగా వచ్చి, గేటు బయట అరుగు మీద కూర్చుని ఉంది. కొడుకు చేతిలో రసీదు చూడగానే లేచి నిలబడింది.

"పెట్టిండా?"

"పెట్టిండమ్మ."

"స్తోత్రం ప్రభువా!" అతని రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. వెనక్కి లాక్కోబోయాడు, ఆమె వదల్లేదు. షాపులో కడుక్కోవాలన్న సంగతే గుర్తు రాలేదు అతనికి. వేళ్ల సందుల్లో మసాలా ఇంకా అలాగే ఉంది. కానీ ఆమె చేతులే పొద్దుటి నుంచి ఉల్లిగడ్డలు తరిగి, అల్లం వెల్లుల్లి నూరి వచ్చిన చేతులు. ఆమెకు ఏ తేడా తెలియలేదు.

"నేను చెప్పిన గదా బిడ్డ. ముప్పై ఏడు దినాలు ఊకెనే పోతయా? ఎల్లుండి మట్టల ఆదివారం. పాస్టరయ్యకు పొద్దుగాలనే చెప్పిన. గుళ్లె నువ్వే లేసి సాక్ష్యం చెప్పాలె. ఎట్ల ఉపవాసమున్నవో, దేవుడెట్ల పని చేసిండో, అందరి ముందర నీ నోటితోనే చెప్పాలె. నేను పక్కన నిలబడత."

రత్నాకర్ రసీదును మడత పెట్టాడు. మళ్లీ విప్పాడు.

"చెప్తవు కదా?"

"చెప్త."

ఆమె కొడుకు ముఖంలోకి చూసింది. కొంగుతో అతని మూతి పక్కన చెమట తుడిచింది.

"ముఖమంత పీక్కపోయింది. పొద్దుగాల నుంచి ఏమన్న తిన్నవా బిడ్డ?"

"తినలేదమ్మ," అన్నాడు రత్నాకర్.