స్తంభం వెనక సీటు

శిక్షణలో తోటి పిల్లలంతా ఆమెను అమ్మమ్మ అనేవాళ్ళు. ఆమెకు ఇరవై మూడేళ్ళు. రిథమిక్ జిమ్నాస్టిక్స్‌లో అది కాటికి కాళ్ళు చాపుకునే వయసని కోచ్ మేడమ్ నవ్వుతూనే అనేది. ఆ నవ్వులో వేళాకోళమెంత, హెచ్చరిక ఎంత అని అమ్మమ్మ రాత్రంతా లెక్కలు వేసుకునేది.

ఇవాళ జాతీయ జట్టుకి ఎంపిక. హూప్, బంతి, క్లబ్బులతో చేసే విన్యాసాలు అయిపోయాయి. మిగిలింది రిబ్బన్. అది బాగా కుదిరితే జట్టులో చోటు, లేకపోతే సంచి సర్దుకుని ఇంటికి. మళ్ళీ పిలవరు.

ఆమె కష్టాలన్నిటికీ కారణం రిబ్బన్‌లో పడే ముడి. ఆ ముడికి కారణం అమ్మ. ఈ సంగతి ఆమె పద్నాలుగో ఏటే కనిపెట్టింది. పొడవాటి రిబ్బన్ గాల్లో మెలికలు తిరుగుతూ ఉండాలి. మణికట్టు ఒక్క క్షణం ఆగినా తనని తానే చుట్టుకుని ముడిపడిపోతుంది. పోటీలో మొదటిసారి అలా పడినరోజు ప్రేక్షకుల్లోంచి అమ్మ లేచి, వెళ్ళిపోతున్న బస్సుని ఆపుతున్నట్టు చేతులూపుతూ, "ముడే! ముడి పడిందే తల్లీ, విప్పుకో!" అని అరిచింది. హాలంతా నవ్వింది. తరవాతి పోటీలోనూ అమ్మ వచ్చింది, ముడీ వచ్చింది.

"ఇంక నువ్వు రావద్దమ్మా. నువ్వొస్తేనే ముడి పడుతోంది."

"నేనేం చేశానే? కుర్చీలో కూర్చున్నాను."

"అదే వద్దంటున్నాను."

అప్పటినుంచి అమ్మ పని ఇంట్లో ఇస్త్రీ. పోటీ రోజు పొద్దున్నే పల్చటి గుడ్డ కప్పి రిబ్బన్‌ని మడత లేకుండా ఇస్త్రీ చేసేది. ముడి పడితే అందుకోవడానికి పోటీ కార్పెట్ మూలన ఉంచే స్పేర్ రిబ్బన్‌కీ అంతే శ్రద్ధగా చేసేది. "వాడనిదానికి ఎందుకమ్మా?" అని కూతురు విసుక్కునేది. సాయంత్రం తిరిగొచ్చి జరిగిందంతా చెబుతుంటే అమ్మ నోరు తెరుచుకుని వినేది. ఒక్కోసారి కూతురు చెప్పకముందే "అయ్యో!" అనేది.

అమ్మ లేని రోజుల్లోనూ అడపాదడపా ముడి పడింది. ఇంట్లో కూర్చుని తలుచుకుని ఉంటుందని కూతురు సరిపెట్టుకుంది. మనసుకి కారణం దొరకడమే కావాలి. అది ఎంత దూరాన ఉన్నా ఫరవాలేదు.

రిబ్బన్ వంతుకి ముందు వరండాలో చీలమండలు తిప్పుకుంటుంటే గేటు దగ్గర టికెట్లు చింపే పెద్దాయన వచ్చాడు.

"కాస్త మీ అమ్మగారికి చెప్పమ్మా. ఆ స్తంభం వెనక సీటు వేరేవాళ్ళకి ఇచ్చామని నా ప్రాణం తోడేసింది."

"మా అమ్మా? మా అమ్మ ఇంట్లో ఉంది."

"అయితే తొమ్మిదేళ్ళుగా ఇంట్లోనే ఉంది," అన్నాడాయన. "మంచి సీటిస్తానన్నా వద్దంటుంది. అక్కణ్ణించి సగం కార్పెట్టే కనబడుతుందమ్మా అంటే, సగం చాల్లే, నేను కనబడకపోతే చాలు అంటుంది. చివరికి అక్కడున్నాయన్ని లేపి ముందు వరసలో కూర్చోబెట్టాను. ఆయన నాకు దండం పెట్టాడు."

ఆమెకు ముందు ఒళ్ళు మండింది. తరవాత లెక్క వేసుకుంది. పతకాలు వచ్చినరోజుల్లోనూ అమ్మ ఉంది. అంటే ముడులన్నీ తనవే. ఇన్నేళ్ళుగా అమ్మ నెత్తిన పెట్టి హాయిగా తిరిగిన బరువు ఒక్కసారిగా తిరిగొచ్చి భుజాల మీద కూర్చుంది. సరిగ్గా అప్పుడే మైకులో ఆమె నంబరు పిలిచారు.

సంగీతం మొదలైంది. కోచ్ నేర్పిన నవ్వు పెట్టుకుంది: పళ్ళు కనబడాలి, భయం కనబడకూడదు. కుడివైపు అంతా బాగానే సాగింది. ఎడమవైపుకి వెళ్ళింది. స్తంభం అడ్డొచ్చి ఆ సగం అమ్మకి కనబడదు కదా అనుకుంటూ అటు ఓరగా చూసింది.

స్తంభం పక్కనుంచి మొదట నాన్న టోపీ వచ్చింది. తరవాత నల్లకళ్ళద్దాలు. ఆ తరవాత మెడ సాగినంత మేరా అమ్మ.

ఆమెకు నవ్వొచ్చింది. నేర్చుకున్నది కాదు, కడుపులోంచి వచ్చింది. మణికట్టు ఆగింది. ముడి పడింది.

అమ్మ రెండు చేతులతో తన నోరు తనే గట్టిగా మూసేసుకుంది.

కూతురు రిబ్బన్ వదిలేసి మూలకి పరుగెత్తి స్పేర్ అందుకుంది. ఒక్క మడత లేదు. ఇంకా ఇస్త్రీ వాసన. నవ్వు ఆగకుండానే మిగతాదంతా కుడి సగంలోనే, స్తంభానికి ఎదురుగా, పూర్తిచేసింది.

"చివర్లో అటెందుకు పోయావే?" అంది కోచ్.

"ఎడమవైపు ఏసీ గాలి ఎక్కువగా ఉంది మేడమ్."

ఫలితాలొచ్చాయి. ముడికి మార్కులు పోయాయి. హావభావాలకి ఎన్నడూ రానన్ని వచ్చాయి. జట్టులో రిజర్వ్‌గా తీసుకున్నారు. ఎవరి కాలైనా బెణికితే ఆమె దిగాలి.

"అమ్మమ్మా, మేం మెట్లు జాగ్రత్తగా దిగుతాంలే!" అన్నారు ఎంపికైన పిల్లలు.

బయట అమ్మ టోపీ సంచిలో కుక్కుతూ దొరికిపోయింది.

"నువ్వన్నది నిజమేనే. నేనొస్తే ముడి పడుతుంది."

"గెలిచినప్పుడూ వచ్చావుగా?"

"అప్పుడు తల బయటపెట్టలేదు."

అమ్మ మీద మోపిన నేరాన్ని వెనక్కి తీసుకుందామనుకుంటే, అమ్మ దాన్ని వదలడం లేదు.

"వచ్చేసారి రావద్దు," అంది చివరికి.

"రానులే," అని అమ్మ గేటు వైపు నడిచింది. "ఏమండీ, ఎడమవైపు కనబడేలా ఇంకో స్తంభం ఉందా?" అని పెద్దాయన్ని గుసగుసగా అడిగింది. ఆ గుసగుస వీధి చివరిదాకా వినబడింది.

కూతురు వినబడనట్టు వంగి, బూటు లేసు విప్పి, నెమ్మదిగా మళ్ళీ ముడి వేసుకుంది.