ఏడుగురు నిలబడాలి

స్టెయిన్‌వోర్ మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి మొదటి మహిళా అధ్యక్షురాలు. అంతకుముందు దేశం తరఫున హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ రెండూ ఆడింది. చేత్తో ఆడినా కాలితో ఆడినా తల వంచని మనిషి. నలభై రెండేళ్లకు మోకాలు మాత్రం మొరాయించింది. ఇంకోసారి మెలిపడితే ఆ కాలు ఇక బాగుపడదని డాక్టరు చెప్పేశాడు.

ఆ సెప్టెంబరులో తప్పు ఆవిడదే. కొండల మీంచి గొర్రెల్ని దింపి ఎవరి మందను వాళ్లు వేరుచేసుకునే రోజును కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, మా ఫ్యోర్డు ఒడ్డున, ఏప్రిల్లో వచ్చే వేసవి తొలిరోజు నుంచి వారాలు లెక్కపెట్టి చెబుతాం. రాజధానిలో ఏళ్ల తరబడి ఆడొచ్చిన స్టెయిన్‌వోర్ ఒక వారం తప్పు లెక్కపెట్టి, సరిగ్గా ఆ శనివారానికే మ్యాచ్ ఒప్పుకుంది. తేదీ ఇచ్చింది తనే, తేడా చేసిందీ తనే. జట్టులో సగంమంది రైతుల కూతుళ్లు. గొర్రెల్ని వదిలి గోల్స్ వెంట పడితే ఇంట్లో గోల.

వాయిదాకు అవతలి జట్టు ఒప్పుకోలేదు. మే నెలలో దారి మంచుతో మూసుకుపోయి మేం ఒక మ్యాచ్‌కి వెళ్లలేకపోయాం. రెండోది కూడా వదులుకుంటే ఆడవాళ్ల విభాగం మూసేస్తామని కార్యవర్గం తీర్మానించి ఉంది. పదకొండుమంది ఆడాల్సిన మైదానంలో ఏడుగురికి తగ్గితే ఆట వదులుకున్నట్టే లెక్క.

మ్యాచ్ వేళకి ఆరుగురు తేలారు. స్టెయిన్‌వోర్ పేరు ఇంకా ఆటగాళ్ల జాబితాలో ఉంది. ఆవిడ స్వెటర్ విప్పి బూట్ల లేసులు కడుతుంటే పాత అధ్యక్షుడు బ్రిన్యోల్ఫుర్ వచ్చి నిలబడ్డాడు.

"వారాలు లెక్కపెట్టడం రానిదానివి, క్లబ్బు నడపడం ఎందుకమ్మా నీకు?"

"నడపడం వచ్చు. ఇవాళ నడవడమే కష్టం. కాస్త జరుగు, వెలుతురుకి అడ్డొస్తున్నావు."

గోల్‌కీపరుగా నిలబడింది. గీత దగ్గర జెండా పట్టుకున్నది నేనే కాబట్టి అంతా దగ్గర్నుంచి చూశాను. మాది నల్ల కంకర మైదానం. విరామానికే ఐదు గోల్స్ పడ్డాయి. తర్వాత ఒక బంతికి పక్కకి దూకి, ఆ మోకాలే మెలిపడి లేవలేకపోయింది.

డిఫెండర్ ఆల్ఫ్రూన్ పరుగెత్తుకొచ్చింది. "అక్కా, ఇక బయటికొచ్చి కూర్చో. పోతే పోయింది మ్యాచ్."

"మ్యాచ్ ఎప్పుడో పోయిందే. నేను కూర్చుంటే మీరంతా ఇళ్లలో కూర్చోవాలి. ఆ స్తంభానికి ఆనించు నన్ను."

రిఫరీ అడిగాడు, "ఆడగలవా?"

"నిలబడే ఉన్నానుగా."

ఇంకా పాతిక నిమిషాల ఆట ఉంది. బంతి పక్కనుంచే పోతున్నా ఆవిడ స్తంభం వదల్లేదు. ముఖం పాలిపోయింది. పదో గోల్ వెయ్యాల్సిన అవతలి జట్టు పిల్ల ఒక్కక్షణం ఆగి ఆవిడ వైపు చూసింది.

"చూస్తావేం, కొట్టు," అంది స్టెయిన్‌వోర్.

కొట్టింది.

పన్నెండు సున్నా దగ్గర చివరి విజిల్ మోగింది. ఓడిపోయాం, కానీ ఆడాం. విభాగం మిగిలింది. స్తంభం పట్టుకున్న వేళ్లు వాటంతటవి విడలేదు. ఆల్ఫ్రూన్ ఒక్కొక్కటే విప్పింది. కారులో కాలు మడవలేక నా చేపల వ్యాన్‌లో పడుకోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారి పొడుగునా వాసన గురించి నన్ను తిట్టింది. కాలి గురించి ఒక్క మాట కూడా అడగలేదు.