గుడ్లగూబ రెక్క, గోనెపట్టా

శృంగవరపుకోట రోడ్డు మీది ఇంజనీరింగు కాలేజీలో నేను తుడిచే గదిలో గాలి సొరంగం ఉండేది. ఒక చివర పెద్ద ఫ్యాను, మధ్యలో విమానం రెక్క నమూనా, రెండో చివర గోడ దాటి వెనక వరండాలోకి తెరుచుకున్న నోరు. ప్రొఫెసర్ దత్తాత్రేయ గారు విమానాల రొద తగ్గించే మనిషి. గుడ్లగూబ చప్పుడు లేకుండా ఎగురుతుంది కనుక, దాని ఈకల్లాగా రెక్క అంచుకు రంపపు పళ్లు కోయించారు. గుడ్లగూబను ఆయన ఎప్పుడైనా చూశారో లేదో. పొద్దు కుంగకముందే కారెక్కి వెళ్లిపోయేవారు.

ఆయన దగ్గర పరిశోధన చేసే సంహిత నెల రోజులు కొలిచింది. పళ్లున్న రెక్కా, లేని రెక్కా ఒకటే మోత, తొంభై రెండు డెసిబెల్లు. ఆయనకది నచ్చలేదు.

“కళింగపట్నం పిల్లవి. సముద్రపు హోరులో పుట్టావు. నిశ్శబ్దం నీకెలా తెలుస్తుంది?” అని అందరి ముందూ నవ్వారు. అటెండర్లకు కూడా అర్థమయ్యేలా నవ్వడంలో ఆయన నిపుణులు.

తరువాతి వారం పళ్ల రెక్కను తామే కొలిచారు. ఎనభై మూడు వచ్చింది. పళ్లు లేనిదాన్ని కూడా మళ్లీ కొలుద్దామని సంహిత అడిగితే అక్కర్లేదన్నారు. దానికి ఆమె పాత అంకె చాలట. పళ్ల రెక్కకు ఆమె అంకె మాత్రం తప్పట. శుక్రవారం పరిశోధనకు డబ్బిచ్చే పెద్దలు చూడటానికి వస్తారు, ఈలోగా తప్పు ఒప్పుకుంటూ సంతకం పెట్టమని కాగితం టైపు చేయించారు. పెడితే ఇక ఆమె కొలతలను ఎవరూ నమ్మరు.

వెనక వరండాలో కూర్చుని ఆమె ఇదంతా చెబుతుంటే నా కళ్లు సొరంగం నోటి మీద పడ్డాయి. అక్కడ నా గోగునార గోనెపట్టా వేలాడుతోంది. తుడిచిన వరండా మీదికి దుమ్ము ఊదుతోందని కిందటి వారం, ఆమె కొలతలు అయిపోయాక, నేనే కట్టాను. గాలికీ అడ్డం, మోతకూ అడ్డం. ప్రొఫెసర్ గారు ఒక్కసారి వెనక్కి వచ్చి ఉంటే కనబడేది.

“సంతకం ఎట్టకు పాపా,” అన్నాను.

వెళ్లి పట్టా సంగతి ఆయనకే చెప్పాను. తల ఎత్తలేదు.

“లక్ష్మణమ్మా, నీ చీపురు సంగతి చూసుకో. శుక్రవారానికి వెనకాల ఒక్క గుడ్డపేలిక కూడా కనబడకూడదు.”

మాట విన్నాను. శుక్రవారం పొద్దున్నే పట్టా విప్పేశాను.

పెద్దలు ముగ్గురు వచ్చారు. దత్తాత్రేయ గారు గుడ్లగూబ గొప్పతనం అరగంట చెప్పి ఫ్యాను వేయించారు. ముగ్గురూ చెవులు మూసుకున్నారు. మీటరు మీద తొంభై రెండు. ఎవరు ఏం ముట్టుకున్నారని ఆయన అందరినీ కసురుతుంటే, పట్టా చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

“మీరే తీసీమన్నారు గదా బాబూ. మల్లీ కట్టమంటే కడతాను. మీ గుడ్లగూబ ఇందులోనే ఉన్నాది.”

వచ్చినవారిలో ఒకావిడ కట్టమంది. ఎనభై మూడు. విప్పమంది. తొంభై రెండు. పళ్లు లేని రెక్క పెట్టించింది. అదే తొంభై రెండు. అప్పుడు ఆవిడే సంహిత నోటుపుస్తకాన్ని అడిగి తీసుకుంది. తను సంతకం పెట్టని కాగితాన్ని సంహిత మడిచి ప్రొఫెసర్ గారి చేతిలో పెట్టింది.

సోమవారం ఆయన మొదటిసారి వెనక వరండాలోకి వచ్చారు. ఆ పట్టా ఏ నారది, ఎంత మందం, ఎక్కడుందని అడిగారు. నార మీద కొత్త పరిశోధనట.

గది గుమ్మం ముందు పరిచి ఉంచాను, చూపించాను.

“కాళ్లు తుడుసుకొని ఎల్లండి బాబూ.”

తుడుచుకున్నారు.