కళ్లంలో చెప్పిన మాట

"రెబ్కమ్మా, ఎంబసీ నుంచి కాగితం వచ్చింది" అన్నారు పాస్టర్ కరుణాకర్ గారు, మిరప కళ్లం బయటే నిలబడి.

తొడిమలు తీస్తున్న రెబ్కా చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. పక్కనున్న సుబ్బరావమ్మ నవ్వింది.

"తోమా వచ్చేస్తున్నాడేమోనే! ఇక మాతో కాయలేం ఏరతావులే, దొరసానివి!"

రెబ్కా భర్త తోమా గల్ఫ్‌కు తాపీపనికి వెళ్లి మూడేళ్లు. అక్కడ తనతో కలిపి ఆరుగురు గదిలో కూర్చుని ప్రార్థన చేసుకుంటుంటే పోలీసులు పట్టుకెళ్లారు. అక్కడి చట్టంలో అది నేరం. ఏడాదిగా ఢిల్లీవాళ్లు ఆ దేశంతో మాట్లాడి మాట్లాడి, చివరికి చట్టంలో ఒక సడలింపు తెచ్చారు. బయటి దేశాల క్రైస్తవులు తమ గదిలో ప్రార్థించుకుంటే శిక్ష లేదు. అక్కడికెళ్లాక మతం మారినవాళ్లకి మాత్రం అది వర్తించదు.

పాస్టర్ గారు రెబ్కా మొహంలోకి చూడలేదు.

"ఐదుగురిని వదిలారమ్మా. తోమా పేరు లేదు. ఇక్కడ విచారిస్తే మీరు హిందువులని తేలిందట. అంటే అక్కడికెళ్లాకే మారాడని వాళ్ల లెక్క. తోమా వాళ్ల నాన్న కాలంలోనే మన చర్చిలో బాప్తిస్మం తీసుకున్నారు కదా, ఎవరు చెప్పారమ్మా అలా?"

రెబ్కా మళ్లీ కాయల్లోనే కూలబడింది.

పోయిన నెల జీపులో ఒక ఆఫీసరు ఈ కళ్లంలోకే వచ్చి, "మీది ఏ మతం?" అన్నాడు. క్రైస్తవులమంటే ఎస్సీ సర్టిఫికెట్ పోతుంది. కూతురు స్తుతికి దానితో వచ్చిన బీఎడ్ సీటూ పోతుంది. ఆఫీసు మనిషి ఎవరడిగినా రెబ్కా చెప్పేది ఒకటే.

"హిందువులమండి."

ఎందుకడుగుతున్నారని అడగనైనా లేదు.

"నేనేనండి" అంది ఇప్పుడు. "తప్పు చెప్పానని మళ్లీ రాయించండి."

"రాద్దాం. కానీ శిక్ష వేసేశారమ్మా. నాలుగేళ్లు."

ఆదివారం పాస్టర్ గారింటికి జైలు నుంచి ఫోన్ వచ్చింది. రెండు నిమిషాలే ఇచ్చారట.

"నేనే చెప్పానయ్యా..." అంది రెబ్కా. జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పింది.



"స్తుతి సీటు ఉందిగా?" అన్నాడు తోమా.

"ఉంది."

"మరింకేం. ఏడవమాక. పిల్లకి చెప్పమాక."

జైలుకు వెళ్లకముందు, ఫోన్ పెట్టేసేముందు తోమా ఎప్పుడూ చిన్న ప్రార్థన చేసేవాడు. రెబ్కా కొంగు తలమీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, ఫోన్ చెవికి ఆనించుకుని ఎదురుచూసింది.

లైను ఎప్పుడో తెగిపోయింది. ఆమె కళ్లు తెరవలేదు.